ఓటు పెట్టెకు తాళం ఉంది, ఓటరుకు ధైర్యం ఏది?

(హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో బస్తీ, కాలనీ సంఘాల వాళ్లు కలిసి పెట్టుకున్న సభలో ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న బస్తీ అక్కచెల్లెళ్లకు ఇంకోసారి నమస్కారం. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఎక్కువగా మీ సంగతే.

ఓటు భద్రత మీద మాట్లాడమని పిలిచారు. ఆ మాట వినగానే చదువుకున్నవాళ్లకు ఈవీఎం గుర్తొస్తుంది. హ్యాక్ చేయొచ్చా, చిప్ మార్చొచ్చా, స్ట్రాంగ్ రూమ్‌లో రాత్రిపూట ఏం జరుగుతుంది అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నలే, వాటి దగ్గరికి కూడా వస్తాను. కానీ సర్కారు బడి పంతులుగా నేను ఎన్నో ఎన్నికల్లో ప్రిసైడింగ్ ఆఫీసరుగా, అంటే బూత్‌కు బాధ్యుడిగా కూర్చున్నాను. పేదవాళ్లు నన్ను మిషన్ గురించి అడిగింది చాలా తక్కువ. వేలికి సిరా పెట్టించుకుంటూ, బూత్‌లో కూర్చున్న పార్టీల ఏజెంట్ల వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి వాళ్లు అడిగేది వేరే: “సార్, నేను ఎవరికి గుద్దిన్నో ఆళ్లకు తెలుస్తదా?”

నా ఓటు మాయమవుతుందేమో అన్నది ఒక భయం. నా ఓటు బయటపడుతుందేమో అన్నది ఇంకో భయం. మొదటిదాని మీద టీవీల్లో గంటలకొద్దీ చర్చలు నడుస్తాయి. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. మన నగరంలో ఎన్నికల ఫలితాన్ని నిజంగా వంచగలిగేది రెండోదే అని నేను నమ్ముతున్నాను.

ఈ రోజుల్లో కత్తులు పట్టుకుని వచ్చి బెదిరించేవాళ్లు తక్కువ. బెదిరింపు మర్యాదగా వస్తుంది. ఓటరు లిస్టు చేతిలో పట్టుకుని గల్లీ లీడర్ ఇంటికొస్తాడు. “అక్కా, మీ ఇంట్ల నాలుగు ఓట్లున్నయి కదా” అంటాడు. అంతే, ఇంకేమీ అనడు. ఆ ఒక్క మాటలోనే పింఛన్ ఉంది, రేషన్ కార్డు ఉంది, నల్లా కనెక్షన్ ఉంది, ఇందిరమ్మ ఇంటి దరఖాస్తు ఉంది. పట్టా లేని జాగాలో గుడిసె వేసుకున్నవాళ్లకైతే నెత్తి మీది కప్పే ఉంది. ఆ తర్వాత కవర్ ఇస్తాడు. కొన్నిచోట్ల కవర్‌తో పాటు దేవుడి పటం మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంటారు, పసుపు బియ్యం చేతిలో పెట్టి ప్రమాణం చేయిస్తారు. పైసలు తీసుకుని వేరేవాళ్లకు వేస్తే దేవుడు ఊరుకోడని మన అమ్మలు గట్టిగా నమ్ముతారు. వాళ్ల నిజాయితీని వాళ్ల మీదికే ఆయుధంగా తిప్పుతున్నారు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే.

ఇది చట్టానికి తెలియని సంగతేమీ కాదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్‌లో దేవుడి ఆగ్రహానికి గురవుతావని ఓటరును భయపెట్టడం కూడా అవినీతి చర్యే అని స్పష్టంగా రాశారు. అభ్యర్థి గానీ, అతని ఏజెంటు గానీ, అతని సమ్మతితో ఇంకెవరైనా గానీ ఆ పని చేసినట్టు కోర్టులో రుజువైతే ఎన్నిక రద్దవుతుంది. భారతీయ న్యాయ సంహితలో 170వ సెక్షన్ లంచం గురించి, 171వ సెక్షన్ ఓటరు మీద అనుచిత ఒత్తిడి గురించి చెబుతాయి. కాబట్టి అమ్మా, బలవంతంగా వేయించిన ఒట్టు మిమ్మల్ని కట్టేయదు. వేయించినవాడే నేరం చేశాడు. ఈ మాట మీ బస్తీలో పూజారిగారితో, పాస్టర్‌గారితో, మౌల్వీసాబ్‌తో చెప్పించండి. నేను చెప్పేదానికంటే వాళ్లు చెప్తే బలంగా నాటుకుంటుంది.

మరి ఎవరికి వేశామో వాళ్లకు తెలుస్తుందా? బూత్‌లో ఏం జరుగుతుందో వరసగా చెప్తాను.

మీరు 17ఏ అనే రిజిస్టర్‌లో సంతకం పెడతారు, లేదంటే వేలిముద్ర వేస్తారు. ఆఫీసర్ తన టేబుల్ మీదున్న కంట్రోల్ యూనిట్‌లో ‘బ్యాలెట్’ బటన్ నొక్కుతాడు. అక్కడ ఎర్ర లైటు వెలుగుతుంది, అంతే. మీరు అట్ట కంపార్ట్‌మెంట్ వెనక్కి వెళ్లి గుర్తు పక్కన బటన్ నొక్కుతారు. పక్కన ఉన్న వీవీప్యాట్ అనే స్లిప్పుల మిషన్ అద్దంలో ఒక స్లిప్పు 7 సెకన్లు కనిపిస్తుంది. దాని మీద అభ్యర్థి క్రమసంఖ్య, పేరు, గుర్తు ఉంటాయి. మీ పేరు ఉండదు, మీ నంబర్ ఉండదు. స్లిప్పు తెగి డబ్బాలో పడుతుంది, బీప్ మోగుతుంది. టేబుల్ దగ్గర కూర్చున్న నాకు వినిపించేది ఆ బీప్ ఒక్కటే. ఎవరి బటన్ నొక్కినా ఒకటే మోత. కెమెరా ఉన్నా కంపార్ట్‌మెంట్ లోపల కనిపించేలా దాన్ని పెట్టకూడదు. ఆఖరికి కోర్టు బోనులో నిలబెట్టి కూడా నువ్వు ఎవరికి వేశావని మిమ్మల్ని అడగడానికి వీల్లేదు, ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. డ్యూటీలో ఉన్న మాలాంటివాళ్లు గానీ, ఏజెంట్లు గానీ ఓటు రహస్యాన్ని బయటపెడితే అదే చట్టం 128వ సెక్షన్ కింద 3 నెలల వరకు జైలుశిక్ష పడుతుంది.

అంటే ఒక మనిషి ఓటు ఒక్కటే పట్టుకోవడం కుదరదు, ఆ మనిషే చూపిస్తే తప్ప. అందుకే ఇప్పుడు కొత్త పద్ధతి మొదలైంది. ఫోన్‌లో ఫొటో తీసుకురా, చూపించాకే మిగతా డబ్బు ఇస్తాం అంటారు. పోలింగ్ బూత్‌లోకి ఫోన్ తేవద్దు అంటే కొందరు కుర్రాళ్లు మా మీద విసుక్కుంటారు. తమ్ముడూ, ఆ రూల్ నీ సెల్ఫీని ఆపడానికి పెట్టింది కాదు. నీ వెనకాల లైన్‌లో నిలబడ్డ కూలీ మనిషికి “ఫోన్ తీస్కపోనియ్యలే అన్నా” అని చెప్పుకునే సాకు ఇవ్వడానికి పెట్టింది.

మన తెలంగాణలో ఓటు రహస్యానికి పెద్ద చరిత్రే ఉంది. 1952లో తొలి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు అభ్యర్థికో పెట్టె ఉండేది, దాని మీద అతని గుర్తు. కాగితం మీద ముద్ర వేసే పని లేదు. తెర చాటుకు వెళ్లి నచ్చిన పెట్టెలో కాగితం వేసి రావడమే. దొర గడీ ముందు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన జనం, చదువు రాని జనం ఆ తెర చాటున ఏం చేశారో తెలుసు కదా! కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంటే పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో నిలబడ్డ రావి నారాయణరెడ్డిని నల్లగొండలో నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిపించారు. ఆ తెర లేకపోతే అన్ని ఓట్లు పడేవా? ఆ పద్ధతిలోనూ ఒక లోపం ఉంది. కొందరు కాగితం పెట్టెలో వేయకుండా దాచుకుని బయటికి తెచ్చి అమ్ముకునేవారు. అందుకే తర్వాత ఒకే బ్యాలెట్ మీద ముద్ర వేసే పద్ధతి వచ్చింది.

ఇప్పుడు అసలు సమస్యకు వస్తాను. ఒక మనిషి ఓటు తెలియదు, నిజమే. కానీ ఒక బూత్ ఓటు తెలుస్తుంది. లెక్కింపు అయ్యాక ఫారం 20 అని ఒకటి తయారవుతుంది. ఏ బూత్‌లో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో వరసగా ఉంటుంది. ఎవరైనా చూసుకోవచ్చు. ఒక బూత్ అంటే ఎంత? వెయ్యి మంది, కాస్త అటూ ఇటూ. మన బస్తీల్లో ఒక్కోచోట మూడు నాలుగు గల్లీలు కలిస్తే ఒక బూత్. గల్లీ లీడర్ ఆ కాగితం పట్టుకుని “మీ బూత్‌ల మనకు రాలే” అంటాడు. ఎవరు వేయలేదో అతనికి తెలియాల్సిన పని లేదు, గల్లీ మొత్తాన్ని పక్కన పెట్టేస్తే చాలు. డ్రైనేజీ పైపు పక్క గల్లీ దాకా వచ్చి ఆగిపోతుంది.

ఇది నా ఊహ అనుకోకండి. 2019 లోక్‌సభ ఎన్నికలప్పుడు అప్పటి కేంద్రమంత్రి మేనకా గాంధీ ఉత్తరప్రదేశ్‌లో ప్రచార సభలోనే చెప్పారు. మాకు పడే ఓట్లను బట్టి ఊళ్లను ఏ, బీ, సీ, డీ అని విడదీస్తాం, అభివృద్ధి పనులు ముందు ఏ ఊళ్లకు వెళ్తాయి అని. ఎన్నికల సంఘం తప్పుపట్టింది. ఆమె బయటికి అన్నారు, చాలామంది అనకుండానే చేస్తారు.

కాగితం బ్యాలెట్ల కాలంలో దీనికి విరుగుడు ఉండేది. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో 59ఏ అని ఒక నిబంధన ఉంది. ఓటర్లను బెదిరించే, ఓటు వేశాక కక్ష సాధించే ప్రమాదం ఉందని ఎన్నికల సంఘం అనుకుంటే, బూత్‌ల బ్యాలెట్లన్నీ కలిపేసి లెక్కపెట్టమని ఆదేశించవచ్చు. ఈవీఎంలు వచ్చాక ఆ కలపడం పోయింది, ఏ మిషన్ లెక్క ఆ మిషన్‌దే. అందుకే ఎన్నికల సంఘం 2008లో టోటలైజర్ అనే యంత్రాన్ని ప్రతిపాదించింది. 14 బూత్‌ల మిషన్లను దానికి కలిపితే మొత్తం లెక్క ఒకేసారి వస్తుంది, ఏ బూత్‌లో ఎవరికెన్ని అన్నది బయటికి రాదు. లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో అది కావాలని సిఫారసు చేసింది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. బూత్‌ల వారీ లెక్క తెలిస్తే పార్టీలు తాము వెనకబడ్డ ప్రాంతాల్లో ఎక్కువ పని చేస్తాయి అని కారణం చూపించింది. పాతబస్తీకి రండి, మా ఫతేనగర్‌కు రండి, బూత్ లెక్కలు చూసి ఎవరు ఎక్కడ ఎక్కువ పని చేశారో మీకే కనిపిస్తుంది.

దీని మీద ఒక పెద్ద అభ్యంతరం ఉంది, అది గట్టిదే. బూత్ లెక్క దాచేస్తే మోసం ఎలా పట్టుకుంటాం? నేను దీని మీద చాలాకాలం ఆలోచించాను. పోలింగ్ అయిపోగానే ప్రిసైడింగ్ ఆఫీసర్ ఫారం 17సీ నింపాలి. ఈ మిషన్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయి, ఏ నంబర్ మిషన్, ఏ నంబర్ పేపర్ సీలు అన్నీ అందులో ఉంటాయి. ప్రతి ఏజెంటుకు ఒక కాపీ ఇవ్వాలి. కానీ అందులో ఎవరికెన్ని పడ్డాయో ఉండదు. కాబట్టి లెక్కింపు రోజు ముందు ఒక్కో మిషన్‌లో మొత్తం ఓట్లు 17సీతో సరిపోయాయా అని చూసుకోండి, సీళ్లు చూసుకోండి. అన్నీ సరిపోయాక 14 మిషన్లు కలిపి ఎవరికెన్నో తేల్చండి. తనిఖీ పోదు, బస్తీ గుట్టూ బయటపడదు. రెండూ కుదిరే దారి ఉన్నప్పుడు ఓటరును పణంగా పెట్టడం ఎందుకు?

ఇక మిషన్ మీద నమ్మకం సంగతి. హైదరాబాద్ వాళ్లం మనం దీన్ని దూరం నుంచి చూసేవాళ్లం కాదు. దేశంలో ఈవీఎంలు తయారుచేసేవి రెండే సంస్థలు, బెంగళూరులో బీఈఎల్, ఇక్కడ కుషాయిగూడలో ఈసీఐఎల్. ఆ మిషన్‌ను ప్రశ్నించిన మనిషీ ఇక్కడివాడే. 2010లో హరిప్రసాద్ వేమూరు అనే ఇంజనీరు విదేశీ పరిశోధకులతో కలిసి ఒక అసలు ఈవీఎంను విప్పి, చేతికి చిక్కిన మిషన్‌ను ఎలా ఏమార్చవచ్చో చూపించాడు. మిషన్ ఎక్కడిదో చెప్పమని ఆ ఆగస్టులో ఆయన్ని హైదరాబాద్‌లోని ఇంట్లోనే అరెస్టు చేశారు. ప్రశ్న అడిగినవాణ్ణి పట్టుకెళ్తే నమ్మకం పెరుగుతుందా? ఆ అక్టోబరులో జరిగిన అఖిలపక్ష సమావేశంలో కాగితం సాక్ష్యం కావాలన్న మాట గట్టిగా వచ్చింది. 2013లో సుప్రీంకోర్టు వీవీప్యాట్ తప్పనిసరి అంది. 2019 లోక్‌సభ ఎన్నికలకు అన్ని బూత్‌లకూ వీవీప్యాట్‌లు వచ్చాయి. అసెంబ్లీ నియోజకవర్గానికి ఒక్క బూత్ స్లిప్పులే లెక్కపెడతామని ఎన్నికల సంఘం అంటే, చంద్రబాబునాయుడు సహా 21 పార్టీల నాయకులు కోర్టుకు వెళ్లారు, కోర్టు దాన్ని 5 చేసింది. నూరు శాతం స్లిప్పులు లెక్కపెట్టాలన్న వాదనను 2024 ఏప్రిల్ 26న కొట్టేసింది.

ఆ తీర్పులో మన తెలుగునేల సంగతి ఒకటి ఉంది. ఎలక్షన్ డ్యూటీ చేసేవాళ్లంతా దాన్ని గుర్తుపెట్టుకోవాలి. స్లిప్పుల లెక్క, మిషన్ లెక్క తేడా వచ్చిన కేసు ఒక్కటే అని చెప్పారు. 2019లో మైదుకూరు నియోజకవర్గం 63వ బూత్. కారణం హ్యాకింగ్ కాదు. పొద్దున మాక్ పోల్‌లో, అంటే మిషన్‌ను పరీక్షించడానికి వేసిన ఓట్లను ఆఫీసర్ చెరిపేయలేదు. పోలింగ్ మొదలవడానికి గంటన్నర ముందు ఏజెంట్ల ముందు కనీసం 50 ఓట్లు వేసి చూపించాలి, లెక్క చూపించి చెరిపేయాలి, ఆ స్లిప్పులను నల్ల కవర్‌లో పెట్టి సీలు వేయాలి. ఆ వేళకు సిబ్బందికి సరిగా నిద్ర ఉండదు, కడుపులో టీ చుక్క ఉండదు. ముందురోజు రాత్రి బడి గదిలో బెంచీల మీద పడుకున్న మనుషులు చేసే పని అది. భద్రత అంటే మనం చిప్‌ల గురించి మాట్లాడతాం, అది చాలావరకు ఇలాంటి అలసిపోయిన చేతుల్లో ఉంటుంది.

కాగితం బ్యాలెట్ తెస్తే అన్నీ పోతాయనేవాళ్లు మన బల్దియా, అంటే జీహెచ్‌ఎంసీ ఎన్నికలు గుర్తుచేసుకోండి. 2020 డిసెంబర్ 1న కోవిడ్ కారణంగా కాగితం మీదే జరిగాయి. ఓల్డ్ మలక్‌పేట డివిజన్‌లో సీపీఐ అభ్యర్థి పేరు పక్కన సీపీఎం గుర్తు అచ్చయింది, మళ్లీ పోలింగ్ పెట్టాల్సి వచ్చింది. లెక్కింపు ముందురోజు రాత్రి, స్వస్తిక్ ముద్ర బదులు వేరే ముద్ర ఉన్నా ఓటు చెల్లుతుందని ఒక సర్క్యులర్ వచ్చింది. తెల్లారి హైకోర్టు దాన్ని ఆపేసింది. నేరేడ్‌మెట్ ఫలితం కొన్ని రోజులు ఆగిపోయింది. కాగితానికి ఒక గొప్పదనం ఉంది, ఎవరైనా చేత్తో పట్టుకుని చూడగలరు. నాకు అది ఇష్టమే. కానీ ఓటరు నిబ్బరంగా ముద్ర వేయలేకపోతే ఏ కాగితం ఏం చేస్తుంది?

కెమెరాల గురించి నా మనసు ఇప్పటికీ రెండు వైపులా లాగుతుంది. 2024 మే 13న మాచర్ల నియోజకవర్గం పాల్వాయి గేటు బూత్‌లో అప్పటి ఎమ్మెల్యేనే లోపలికొచ్చి యంత్రాన్ని నేలకేసి కొట్టడం దేశమంతా చూసింది, బూత్‌లో కెమెరా ఉండబట్టి. అలాంటి రికార్డులు జనానికి అందకుండా ఆ డిసెంబర్‌లోనే ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో 93వ నిబంధనను సవరించారు. అది నాకు నచ్చలేదు. అదే సమయంలో, 2020 జనవరి మున్సిపల్ ఎన్నికల్లో మన పక్కన కొంపల్లిలో 10 బూత్‌లలో ఓటర్ల ముఖాలను గుర్తుపట్టే టెక్నాలజీ పెట్టి చూశారు. ఓటు ఎవరికో కనిపెడుతున్నారన్న అనుమానంతో ఉన్న అమ్మ ముందు ఫోన్ పట్టుకుని ముఖం ఫొటో తీస్తే ఆమెకు ఏమనిపిస్తుంది? సిబ్బంది మీద, చొరబడే నాయకుల మీద కెమెరా ఉండాలి. ఓటరు ముఖం మీద వద్దు.

2024లో అదే పోలింగ్ రోజు మన హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో ఒక అభ్యర్థి బూత్‌లో కూర్చున్న ముస్లిం మహిళల కార్డులు తీసుకుని, ముసుగు తీయమని అడిగిన వీడియో కూడా చూశాం. మలక్‌పేట పోలీసులు కేసు పెట్టారు. గుర్తింపు మీద అనుమానం ఉంటే దానికి పద్ధతి ఉంది. ఏజెంటు 2 రూపాయలు కట్టి చాలెంజ్ చేయొచ్చు, ప్రిసైడింగ్ ఆఫీసర్ విచారిస్తాడు. ముసుగు వేసుకున్న ఆడవాళ్లను చాటున మహిళా సిబ్బందే చూస్తారు. అభ్యర్థికి అక్కడ ఎలాంటి అధికారమూ లేదు. లైన్‌లో వెనక నిలబడి అది చూసిన ఆడవాళ్లలో ఎంతమంది ఇంటికి తిరిగి వెళ్లిపోయి ఉంటారు అన్నదే నా బాధ.

ఫోన్‌లోనే ఓటు వేసే పద్ధతి రావాలని కాలనీ మిత్రులు కొందరు అడుగుతున్నారు. 2021 అక్టోబరులో ఖమ్మంలో ప్రయోగాత్మకంగా ఒకసారి చేసి చూశారు కూడా. టెక్నాలజీ సంగతి పక్కన పెట్టండి. ఇంట్లో కూర్చుని ఓటు వేస్తే పక్కన ఎవరు నిలబడ్డారో చూసేదెవరు? మొగుడు, కొడుకు, ఇంటి ఓనరు, గల్లీ లీడర్, ఎవరైనా ఉండొచ్చు. ఆ అట్ట కంపార్ట్‌మెంట్‌లో ఆమె ఒక్కతే ఉంటుంది. పేదింటి ఆడమనిషికి చట్టం కల్పించిన ఆ ఏకాంతాన్ని మన సౌకర్యం కోసం తీసేయొద్దు.

కాలనీ వాళ్లతో ఒక మాట. 2020 బల్దియాలో పోలింగ్ 46 శాతం, 2024 లోక్‌సభలో హైదరాబాద్ స్థానంలో 48 శాతం దగ్గరే ఆగింది. మీరు సెలవు తీసుకుని ఊరెళ్లిపోతే, ఎవరి చేతిలో లిస్టు ఉంటే వాళ్ల పట్టు అంత బలపడుతుంది. వెయ్యి ఓట్లలో నాలుగొందలే పడే బూత్‌లో యాభై ఓట్లు కొంటే చాలు. మీరు లైన్‌లో నిలబడితే బస్తీ మీద ఒత్తిడి తగ్గుతుంది. 2018 డిసెంబర్‌లో ఎందరో ఓటర్లు పోలింగ్ రోజు వెళ్లి చూస్తే పేర్లు లేవు, రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి క్షమాపణ చెప్పారు. క్షమాపణతో ఓటు తిరిగి రాదు కాబట్టి లిస్టులో పేరు ఇప్పుడే చూసుకోండి. ఇరుగుపొరుగు వాళ్లవీ చూడండి. పనిమనిషి పేరు, వాచ్‌మన్ పేరు కూడా.

ఇప్పుడు చీటీల మీద వచ్చిన ప్రశ్నలు. నా పేరు మీద ఎవరో ముందే ఓటేసి పోతే ఏం చేయాలని ఒకమ్మ అడిగారు. తిరిగి వెళ్లిపోవద్దు. టెండర్ ఓటు కావాలని అడగండి, ఎన్నికల నిర్వహణ నిబంధనల్లోని 49పి కింద మీకు కాగితం బ్యాలెట్ ఇస్తారు. అది మామూలు లెక్కింపులో కలవదు, కానీ తర్వాత ఎవరైనా కోర్టుకు వెళ్తే మీ పేరు మీద దొంగ ఓటు పడిందనడానికి అదే సాక్ష్యం. బెదిరిస్తే ఎవరికి చెప్పాలని ఇంకొకరు అడిగారు. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలప్పుడు 1950 నంబర్ ఉంది, ఫొటోతో పంపడానికి సీ-విజిల్ యాప్ ఉంది. పేరు చెప్పకుండానే పంపొచ్చు. ఏజెంటుగా కూర్చునే కుర్రాళ్లు ఏం చేయాలని మూడో చీటీ. మాక్ పోల్‌కు వేళకు రండి. పచ్చ పేపర్ సీలు మీద సంతకం పెట్టే ముందు దాని నంబర్ రాసుకోండి. పోలింగ్ అయిపోయాక ఆఫీసర్ అలసిపోయి విసుక్కున్నా సరే, 17సీ కాపీ చేతికి వచ్చేదాకా బూత్ నుంచి కదలొద్దు.